వోల్టేజి తగ్గినను వెలుగు తగ్గదేల? – చేతిదీపము నేర్పు పాఠము



మన హొసూరు ప్రాంతమున రాగిపంట కోతకు వచ్చు దినములలో రాత్రికాపు ఎంత కష్టమైన పనియో మీలో పలువురకు ఇంటి అనుభవము వలననే తెలియును. అడవి అంచునగల చేలకు పందులు వచ్చును. కొన్ని యూళ్లకు ఏనుగులును వచ్చును. మంచెమీద కూర్చున్న రైతునకు రెండే తోడు: ఒకటి తన గొంతు, రెండవది చేతిలోని దీపము.

అట్టి రాత్రి యొకటి గడచిన మరునాడు పదవ తరగతి విద్యార్థి యొకడు తెలుగు పాఠము ముగిసిన పిమ్మట మా యొద్దకు వచ్చి యిట్లడిగెను: "అయ్యవారూ, మా నాయన కొత్త బ్యాటరీ లైటు కొన్నాడు. మూడు రాత్రులు ఒకే తీరుగా వెలిగింది. నాలుగో రాత్రి మంచె దిగి గట్టు మీద నడస్తా ఉంటే ఒక్కసారిగా ఆరిపోయింది. పాత లైటు అట్ల చేసేది కాదు. ఎర్రబడతా, మసకబడతా ముందే చెప్పేది. అంగడాయన మోసం చేసినాడని నాయన అంటున్నాడు. నిజమేనా?"

మేము భాషోపాధ్యాయులమే గాని భౌతికశాస్త్రము బోధించువారము కాము. అయినను చీకటిలో గట్టుమీద ఒంటరిగా నిలిచిన మనిషిని తలచుకొనగా ఆ ప్రశ్నను ఊరక విడువ మనసొప్పలేదు. మా పాఠశాల భౌతికశాస్త్రోపాధ్యాయులతో కలసి ఆ రెండు దీపములను విప్పి చూచితిమి. కాగితముమీద లెక్కలు వేసితిమి. అందు తేలిన సంగతినే యిందు వ్రాయుచున్నాము.

ముందుగా తీర్పు చెప్పుదుము. అంగడివాడు మోసము చేయలేదు. పాతదీపము సెల్లులోని నీరసమును దాచక చూపెను. క్రొత్తదీపము తుదివరకు దాచెను. వెలుగు తగ్గకుండ దానిని నిలిపినదేదియో అదియే ఆ నీరసమును కంటికి కనబడనీయలేదు. ఈ పనికే ప్రవాహ నియంత్రణమని పేరు. దాని స్వభావమెరిగినవాడు ఆ దీపమును నిశ్చింతగా వాడుకొనవచ్చును. ఎరుగనివాడు దాని వెలుగునే నమ్మి నడిదారిలో చీకటిపాలగును.

1. నాలుగు మాటలు

చిత్తూరు సీమలో బోధనాశిక్షణ పొందిన దినములలో మేము సెల్లునకు "ఘటము" అను మాటను నేర్చుకొంటిమి. ఇక్కడకు వచ్చి తరగతిలో ఆ మాట పలుకగనే పిల్లలు "ఘటమంటే కుండ గదా" యని నవ్విరి. నవ్విననేమి, ఆ యర్థము చెడ్డది కాదు. కుండ నీటిని దాచినట్లు ఘటము రసాయనశక్తిని దాచును. పలు ఘటములను వరుసగా కూర్చినచో అది ఘటమాల. మన యిండ్లలో "బ్యాటరీ" యన్నది దీపమునకే పేరై పోయినది గావున, ఈ వ్యాసమున సెల్లును ఘటమనియు, దీపమును చేతిదీపమనియు చెప్పుదుము.

మిద్దెమీది నీటితొట్టిని తలచుకొనుడు. తొట్టిలో నీరెంత ఎత్తున నున్నచో క్రింది గొట్టములో ఒత్తిడి అంత యెక్కువ. ఆ యెత్తు వంటిది వోల్టేజి. దాని కొలత వోల్టు. గొట్టమునుండి ఒక సెకనులో పారు నీటి పరిమాణము వంటిది విద్యుత్ప్రవాహము. దాని కొలత ఆంపియరు. ఆంపియరులో వేయవ వంతు మిల్లీ ఆంపియరు. గొట్టపు ఇరుకుదనము వంటిది నిరోధము. దాని కొలత ఓమ్. ఈ మూటికిని గల సంబంధమును జర్మనీ దేశీయుడగు గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించెను: వోల్టేజిని నిరోధముచే భాగించినచో ప్రవాహము వచ్చును. ఇక వోల్టేజిని ప్రవాహముచే గుణించినచో సామర్థ్యము వచ్చును. దాని కొలత వాటు. నేటి పాఠమంతయు ఈ రెండు సూత్రముల మీదనే నడచును.

మీ యిరుగుపొరుగున తమిళ మాధ్యమమున చదువు పిల్లలు ప్రవాహమును "మిన్నోట్టం" అనియు, వోల్టేజిని "మిన్నళుత్తం" అనియు, నిరోధమును "మిన్‌తడై" అనియు అందురు. ఓట్టమనగా పరుగు, అళుత్తమనగా ఒత్తిడి, తడై యనగా అడ్డు. ఆ మాటలును మన నీటితొట్టి పోలికనే చెప్పుచున్నవి చూడుడు. మాట వేరైనను కొలత యొక్కటే. రెండు భాషలలోను ఆ మాట తెలిసిన పిల్లవానికి లాభమే గాని నష్టము లేదు.

2. ఘటము ఎట్లు నీరసించును?

ఫ్రాన్సు దేశీయుడగు జార్జి లెక్లాంషే 1866లో నిర్మించిన ఘటమే నేటి సామాన్య పొడి ఘటమునకు మూలము. అందు వెలుపలి జింకు డబ్బా ఋణధ్రువము. నడుమ బొగ్గుకడ్డీకి తగిలియున్నది ధనధ్రువము. నేడు ఎక్కువగా అమ్ముడగు ఆల్కలైను ఘటము దానికన్న ఎక్కువకాలము పని చేయును. రెండింటికిని పేరునకు 1.5 వోల్టులే. క్రొత్త ఆల్కలైను ఘటమున సుమారు 1.6 వోల్టులుండును. వాడుకొలది అది మెల్లమెల్లగా దిగివచ్చును. సుమారు 0.9 వోల్టునకు వచ్చునప్పటికి దాని పని యించుమించు ముగిసినట్లే.

వోల్టేజి తగ్గుట యొక్కటియే గాదు. ఘటము తన లోపలనే ప్రవాహమునకు కొంత అడ్డు కలిగించును. దీనికి అంతర్నిరోధమని పేరు. ఘటము పాతబడుకొలది ఈ యడ్డు పెరుగును. ఒక ఘటమునకు స్వతస్సిద్ధమైన వోల్టేజి 1.4 అనియు, అంతర్నిరోధము 0.5 ఓమ్ అనియు అనుకొందము. దానినుండి 0.3 ఆంపియరు తీసికొన్నచో లోపలనే 0.5 × 0.3 = 0.15 వోల్టు పోవును. వెలుపలికి దక్కునది 1.25 వోల్టులే. ఎంత యెక్కువ ప్రవాహమును లాగిన, లోపల అంత యెక్కువ నష్టము.

ఇది తెలిసినచో మన యిండ్లలోని రెండు పాత అలవాట్లకు అర్థము దొరకును. మొదటిది: బ్యాటరీ లైటునకు పనికిరాదని తీసివేసిన సెల్లును గోడగడియారములో పెట్టుదురు, అది నెలల తరబడి నడచును. గడియారము కోరు ప్రవాహము మిక్కిలి స్వల్పము గనుక అంతర్నిరోధమువలన పోవునది లెక్కలోనికి రాదు. రెండవది: నీరసించిన సెల్లులను ఎండలో పెట్టుదురు. ఎండవేడిమికి లోపలి రసాయనచర్య కొంత చురుకగును. ఊరకున్న కాలములో ఘటము కొంత తేరుకొనును. అందుచే మరి కొంతసేపు వెలుగు వచ్చును. కాని క్రొత్తశక్తి యేదియు లోనికి చేరదు. ఎండ సెల్లును నింపదు. మిగిలియున్న అడుగు నీటిని మాత్రము తోడుకొననిచ్చును.

3. దాచని దీపము

పాతదీపములో నున్నది సన్నని టంగ్‌స్టను తీగగల బల్బు. రెండు ఘటములు, ఒక మీట, ఒక బల్బు. నడుమ మరి యేదియు లేదు. ఘటము ఏమి యిచ్చిన బల్బు దానినే పుచ్చుకొనును.

తీగబల్బునకు ఒక గుణము కలదు. వోల్టేజి కొంచెము తగ్గినను వెలుగు చాల తగ్గును. వోల్టేజి నూటికి ఎనుబదికి దిగినచో వెలుగు సగముకన్న తక్కువగును. తీగ వేడిమి తగ్గుటచే రంగును మారును. మొదట తెల్లగా వెలిగినది పసుపై, పిదప ఎర్రనగును. అందుచే ఆ దీపము చెడ్డదీపమైనను మంచి సాక్షి. ఘటములో ఎంత మిగిలియున్నదో అది తన రంగుతోనే చెప్పుచుండును. "ఎర్రబడింది, సెల్లు మార్చాల" అని మన పెద్దలు చీకటిలోనే గుర్తించుచుండిరి.

4. మూడు వోల్టుల గడప

క్రొత్తదీపములో తీగ లేదు. అందున్నది అర్ధవాహకముతో చేసిన చిన్న తునక, దానిని ఎల్.ఇ.డి. యందురు. మంచి వెలుగునిచ్చు నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్నందులకు అకసాకి, అమానో, నకమూర అను ముగ్గురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. ఆ నీలికాంతిమీద పసుపుకాంతి నిచ్చు పూత వేయగా మన కంటికి తెల్లని వెలుగు కనబడును.

తీగబల్బునకును ఎల్.ఇ.డి.కిని పెద్ద భేదమొకటి కలదు. తెల్లని ఎల్.ఇ.డి. వెలుగవలెనన్న సుమారు 3 వోల్టులు కావలెను. అది యొక గడప వంటిది. దానికి చాల తక్కువైనచో ప్రవాహమే లేదు, 1.5 వోల్టుల ఘటమొక్కటి తిన్నగా కలిపిన వెలుగదు. గడప దాటినంతనే ప్రవాహము వేగముగా పెరుగును. వోల్టులో కొద్ది పదవ వంతులు పెరిగినను ప్రవాహము రెండింతలు కావచ్చును. మరి కొంచెము పెరిగినచో ఎల్.ఇ.డి. వేడెక్కి చెడును. కావున ఎల్.ఇ.డి.కి ఇంత వోల్టేజి యిమ్మనుటకన్న ఇంత ప్రవాహమిమ్మనుటయే సరియైన మాట.

చౌకదీపములలో ఇందులకు చేయు ఉపాయము ఒక నిరోధమును అడ్డుపెట్టుట. లెక్క చూడుడు. మూడు క్రొత్త ఘటములు వరుసగా నున్నచో 4.5 వోల్టులు. ఎల్.ఇ.డి.కి 100 మిల్లీ ఆంపియర్ల యొద్ద 3.2 వోల్టులు కావలెననుకొందము. మిగిలిన 1.3 వోల్టును నిరోధము మ్రింగవలెను. 1.3 ÷ 0.1 = 13 ఓమ్‌లు. ఆ నిరోధమును పెట్టితిమి. దీపము చక్కగా వెలిగినది.

కొన్నాళ్లకు ఒక్కొక్క ఘటము 1.2 వోల్టునకు దిగినది. మొత్తము 3.6 వోల్టులు. తక్కువ ప్రవాహమున ఎల్.ఇ.డి. సుమారు 3 వోల్టులు తీసికొనును. నిరోధమునకు మిగిలినది 0.6 వోల్టు. 0.6 ÷ 13 = 0.046, అనగా 46 మిల్లీ ఆంపియర్లు. ఘటముల వోల్టేజి అయిదింట ఒక వంతు తగ్గగా ప్రవాహము సగముకన్న ఎక్కువగా తగ్గినది చూచితిరా? ఇదియును దాచని దీపమే. మెల్లగా మసకబారుచు వచ్చును. అయితే తీగబల్బువలె ఎర్రబడదు గనుక ఆ మార్పు కంటికి వెంటనే తెలియదు.

5. నీరుగంటి

ఇక నియంత్రణము గల దీపము. ఇందు ఎల్.ఇ.డి.కిని ఘటమునకును నడుమ కందిగింజంత నల్లని తునక యొకటి యుండును. అది చేయు పనిని మేము ఎన్నో మాటలతో చెప్పజూచితిమి. కాని చక్కని పోలిక చెప్పినవాడు ఆ విద్యార్థి తండ్రియే. కుమారుడు ఇంటికిపోయి వివరింపగా ఆయన విని, "అయితే అది నీరుగంటి పని గదా" అనెనట.

చెరువు తూముకడ నుండు నీరుగంటిని ఎరుగనివారు మన పల్లెలలో అరుదు. చెరువు నిండుగా నున్నప్పుడు తూమును కొద్దిగా తెరచును. నీటిమట్టము తగ్గుకొలది తూమును మరింత తెరచును. అతని చూపు కాలువమీద. అందు పారునీరు ఒకే తీరుగా నుండవలెనని అతని కోరిక. కాలువ చివరనున్న రైతునకు చెరువు సగమైనదను సంగతి తెలియనే తెలియదు.

ఆ తునకయు నట్లే. అది ప్రవాహమును ఎట్లు చూచును? ఎల్.ఇ.డి. దారిలో చిన్న నిరోధము నొకదానిని పెట్టుదురు. అది 1 ఓమ్ అనుకొనుడు. 100 మిల్లీ ఆంపియర్లు పారినచో దాని రెండు కొసల నడుమ 0.1 వోల్టు ఏర్పడును. ఆ 0.1 వోల్టునే గుర్తుగా పెట్టుకొని తునక కాపలా కాయును. అంతకన్న తగ్గినచో దారి తెరచును, పెరిగినచో మూయును. ఈ సవరణ కన్నుమూసి తెరచునంతలో వేలమారులు జరుగును.

ఈ నియంత్రణము రెండు తెరగులు. మొదటిది, ఘటపు వోల్టేజి ఎల్.ఇ.డి.కి కావలసిన దానికన్న ఎక్కువగా నున్నప్పుడు మిగులును వేడిగా పోగొట్టుట. లిథియం అయాను ఘటము నిండియున్నప్పుడు 4.2 వోల్టులు. ఎల్.ఇ.డి.కి 350 మిల్లీ ఆంపియర్ల యొద్ద 3.2 వోల్టులు కావలెననిన, మిగిలిన 1 వోల్టు 0.35 ఆంపియరుతో గుణింపగా 0.35 వాటు వేడియై పోవును. ఘటము 3.6 వోల్టునకు దిగినప్పుడు మిగులు 0.4 వోల్టే గనుక వేడి 0.14 వాటునకు తగ్గును. వింత యేమనగా, ఈ దీపమున ఘటము నీరసించుకొలది వ్యర్థము తగ్గును! ఎల్.ఇ.డి.లో పారు ప్రవాహమే ఘటమునుండియు పారును. మొదటినుండి ఒకే తీరు. అయితే ఘటము 3.2 వోల్టుల దరికి వచ్చినప్పుడు తూము పూర్తిగా తెరచినను చాలదు. అప్పటినుండి వెలుగు తగ్గుట మొదలిడును.

రెండవది, మన కథలోని దీపము. అందున్నది 1.5 వోల్టుల ఘటమొక్కటియే, ఎల్.ఇ.డి.కి కావలసినది 3.2 వోల్టులు. చెరువుకన్న చేను ఎత్తున నున్నది. తూము తెరచి ప్రయోజనమేమి? ఇచ్చట ఒక తీగచుట్ట పని చేయును. మీట మూసినప్పుడు చుట్టలో ప్రవాహము పెరిగి అయస్కాంతశక్తి నిలువయగును. మీట తెరచినంతనే, ప్రవాహము హఠాత్తుగా ఆగుట చుట్టకు సరిపడదు గనుక, అది తన వోల్టేజిని పెంచి ప్రవాహమును ఎల్.ఇ.డి.లోనికి త్రోయును. మైకేల్ ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమే యిది. ఈ మీట చేతిమీట కాదు, తునకలోనిదే. అది సెకనునకు వేలు మొదలు లక్షలమారులు మూసి తెరచును గావున వెలుగు అదరుట కంటికి కనబడదు.

తక్కువ వోల్టేజినుండి ఎక్కువ వోల్టేజి వచ్చినదని శక్తి పుట్టినదనుకొనరాదు. నోట్లు మార్చుకొనుటవంటిదే యిది. ఇరువది రూపాయల సరకు కొనవలెనన్న పదిరూపాయల నోట్లు రెండు చాలును. అయిదురూపాయల నోట్లయినచో నాలుగు కావలెను. నోటు విలువ వోల్టేజి. నోట్ల సంఖ్య ప్రవాహము. చెల్లించిన మొత్తము సామర్థ్యము. నోటు విలువ తగ్గినకొలది సంఖ్య పెరిగి తీరవలెను. మార్చువాడు కొంత వట్టముకూడ పుచ్చుకొనును.

లెక్క చూడుడు. ఎల్.ఇ.డి.కి 3.2 వోల్టులు, 0.1 ఆంపియరు, సామర్థ్యము 0.32 వాటు. నూటికి ఇరువది వంతులు వట్టమునకు పోవుననిన ఘటము 0.4 వాటు ఈయవలెను. ఘటము 1.5 వోల్టులున్నప్పుడు దానినుండి లాగు ప్రవాహము 0.4 ÷ 1.5, అనగా సుమారు 267 మిల్లీ ఆంపియర్లు. 1.2 వోల్టునకు దిగినప్పుడు 333. 1 వోల్టునకు దిగినప్పుడు 400. వెలుగు రవ్వంతయు మారలేదు. కాని అదే వెలుగునకు ముసలి ఘటము పడుచు ఘటముకన్న ఒకటిన్నర రెట్లు చెమటోడ్చుచున్నది.

6. ఒక్కసారిగా ఆరుట ఏల?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చితిమి. రెండవ భాగమున చెప్పిన అంతర్నిరోధమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఘటము నీరసించెను, వోల్టేజి తగ్గెను. తునక ఊరకుండక ఎక్కువ ప్రవాహమును లాగెను. ఎక్కువ ప్రవాహమువలన అంతర్నిరోధమున నష్టము పెరిగి వోల్టేజి ఇంకను తగ్గెను. తునక ఇంకను లాగెను. వడ్డీ కట్టుటకు మరల అప్పుచేయువాని సంసారమువంటిది ఇది. పైకి దర్జా తగ్గదు. లోపల పునాది కరగుచుండును.

ఈ చక్రమునకు ఒక హద్దు కలదు. ముసలి ఘటమునకు స్వతస్సిద్ధమైన వోల్టేజి 1.2 అనియు అంతర్నిరోధము 1 ఓమ్ అనియు అనుకొందము. దానినుండి 0.5 ఆంపియరు లాగినచో లోపల 0.5 వోల్టు పోయి 0.7 వోల్టు దక్కును, సామర్థ్యము 0.35 వాటు. 0.6 ఆంపియరు లాగినచో దక్కునది 0.6 వోల్టు, సామర్థ్యము 0.36 వాటు. సరే, 0.7 ఆంపియరు లాగుదమన్నచో దక్కునది 0.5 వోల్టు, సామర్థ్యము మరల 0.35 వాటునకు తగ్గినది! అనగా ఆ ఘటము ఎట్లు ప్రయత్నించినను 0.36 వాటునకు మించి ఈయజాలదు. దీపమునకు కావలసినది 0.4. ఆ హద్దు దాటిన క్షణమున ఎంత లాగిన అంత నష్టమే గాని లాభము లేదు. వోల్టేజి కుప్పకూలును, తునక పనిచేయుటకు కావలసిన వోల్టేజియు మిగులదు, దీపము ఆరిపోవును. ముందురోజున ఆ హద్దునకు ఇవతల నున్నది గనుకనే నిండు వెలుగు వచ్చెను.

ఆరిన దీపమును కొంతసేపు ఊరకుంచి మరల వెలిగించినచో వెలుగును. విశ్రాంతిచే ఘటము కొంత తేరుకొన్నదని దాని యర్థము. బాగుపడినదని తలంపరాదు, కొద్దిసేపటికే మరల ఆరును.

మరి దీపము చల్లారినప్పుడు ఘటము నిజముగా వట్టిపోయినదా? లేదు. కోరిక తగ్గించి చూడుడు. చాల దీపములలో తక్కువ వెలుగునకు వేరు మెట్టు కలదు. ఆ మెట్టున ఘటమునుండి 0.1 వాటు చాలుననుకొందము. అదే ముసలి ఘటమునుండి 0.09 ఆంపియరు లాగినచో లోపల పోవునది 0.09 వోల్టే, దక్కునది 1.11 వోల్టు, గుణింపగా 0.1 వాటు వచ్చినది. నిండు వెలుగు ఈయలేని ఘటము చిన్న వెలుగును ఇంకను ఈయగలదు. గోడగడియారములోని పాతసెల్లు చెప్పిన సంగతియే యిది.

7. తల్లిదండ్రులకు మనవి

పై లెక్కలు పిల్లలకు; వాని ఫలము ఇంటికి. రాత్రివేళ పొలమునకు పోవువారును, పాలకేంద్రమునకు తెల్లవారుజామున నడచువారును ఈ క్రింది సంగతులు గమనింప ప్రార్థన.

మొదట మీ దీపము ఏ జాతిదో తెలిసికొనుడు. సగము వాడిన సెల్లుతో గోడమీద వెలుగు చూచి, వెంటనే క్రొత్తసెల్లు వేసి చూడుడు. రెండు వెలుగులును సమానమైనచో అది నియంత్రణము గల దీపము. దాని వెలుగును చూచి సెల్లు బలమును అంచనా వేయరాదు. ఎన్ని గంటలు వాడితిమో లెక్క పెట్టుకొని సెల్లు మార్చవలెను. దూరము పోవునప్పుడు వేరొక సెల్లు జేబులో నుండవలెను.

దారిలో దీపము ఆరినచో తత్తరపడక తక్కువ వెలుగు మెట్టునకు మార్చి చూడుడు. ఇల్లు చేరుటకు ఆ వెలుగు చాలవచ్చును. అవసరము లేనప్పుడు మొదటినుండి ఆ మెట్టుననే వాడుట ఇంకను మేలు.

పాతసెల్లులను క్రొత్తసెల్లులతో కలిపి వేయకుడు. వరుసలోని బలహీన ఘటము ముందుగా వట్టిపోవును. తక్కినవి దానిలోనికి ప్రవాహమును ఎదురుత్రోయును. అది కారి దీపమును పాడుచేయును.

మరల నింపుకొను నికెలు జాతి ఘటమునకు పేరునకు 1.2 వోల్టులే. నిరోధముమాత్రమే గల దీపమున అది కొంచెము మసకగా వెలుగును. నియంత్రణము గల దీపమున భేదము కనబడదు. ఆకారము ఒక్కటియే యని 3.7 వోల్టుల లిథియం ఘటమును 1.5 వోల్టుల ఘటపు తావున పెట్టరాదు. వోల్టేజిని పెంచు తునకకు దానిని తగ్గించు శక్తి లేదు. ప్రవాహము అదుపు తప్పి దీపము కాలిపోవచ్చును. లిథియం ఘటమును మితిమీరి వట్టిచేసినను చెడును. అందుకే అట్టి దీపములలో సుమారు 2.5 నుండి 3 వోల్టుల నడుమ తానే ఆపివేయు రక్షణము పెట్టుదురు. ఆ దీపము చటాలున ఆరుటకు అది మరియొక కారణము.

దీపమును చాలకాలము వాడనప్పుడు సెల్లులు తీసి యుంచుడు. వట్టి సెల్లులను నిప్పులో వేయకుడు, పిల్లలను ఆడుకొననీయకుడు.

8. ముగింపు

ఆ విద్యార్థి తండ్రి అంగడికి పోయి తగవులాడలేదు. రెండు సెల్లులు కొనుక్కొని వచ్చెను. ఇప్పుడు మంచె గుంజకు ఒక కాగితము వ్రేలాడుచున్నది. దీపము వెలిగించిన గంటలను ఆ కుఱ్ఱవాడు అందు తెలుగు అంకెలతో గీయుచున్నాడని విని సంతోషించితిమి. పాతదీపమును వారు పారవేయలేదు. అది మసకదే యైనను అబద్ధమాడదని ఆ తండ్రి దానినికూడ మంచెమీద ఉంచుకొన్నాడు.

పరీక్షలో ఓమ్ నియమమును వ్రాసి మార్కులు తెచ్చుకొనుట మంచిదే. అదే నియమమును ఇంటిభాషలో తండ్రికి చెప్పి, ఆయన నోట నీరుగంటి పోలికను రాబట్టిన ఆ బాలుని చదువు మాకు అంతకంటె మిన్నగా తోచినది.

అభ్యాసము

1. రెండు ఘటముల దీపమున ఒక్కొక్క ఘటము 1.5 వోల్టునుండి 1.2 వోల్టునకు దిగినది. దీపమునకు మొత్తము 0.6 వాటు కావలెను. వోల్టేజిని పెంచు నియంత్రణము గలదైనచో ఘటములనుండి లాగు ప్రవాహము ముందెంత? పిమ్మట ఎంత?

2. స్వతస్సిద్ధమైన వోల్టేజి 1.4, అంతర్నిరోధము 0.5 ఓమ్ గల ఘటమునుండి 1 ఆంపియరు, 1.4 ఆంపియర్లు, 1.8 ఆంపియర్లు లాగినప్పుడు వచ్చు సామర్థ్యములను కనుగొనుడు. వానిలో గరిష్ఠమేది?

3. దీపమునకు పనికిరాని ఘటము గోడగడియారమునకు ఏల పనికివచ్చునో మీ అమ్మకు అర్థమగునట్లు అయిదు వాక్యములలో వ్రాయుడు.

4. మీ యింటి చేతిదీపము ఏ జాతిదో పరీక్షించి, మీరు చేసిన విధమును తరగతిలో చదివి వినిపింపుడు.